షేర్‌పాయింట్ అడ్మిన్ పనికి పవర్‌షెల్, పీఎన్‌పీ మాడ్యూల్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మైక్రోసాఫ్ట్ వాళ్ల టీమ్ సైట్లు, ఫైళ్ల సర్వీసు షేర్‌పాయింట్ ఆన్‌లైన్. దాని నిర్వహణకు కమాండ్‌లు, స్క్రిప్టులు నడిపే పవర్‌షెల్‌నీ, దాని మీద నడిచే పీఎన్‌పీ మాడ్యూల్‌నీ (షేర్‌పాయింట్ పనులకు అదనపు కమాండ్‌ల సెట్టు) ఏళ్లుగా వాడుతున్నాను. వందల సైట్లలో పర్మిషన్లు సరిచూడాలన్నా, ఉద్యోగం మానేసిన వాళ్లను గ్రూపుల నుంచి తీసేయాలన్నా, అడ్మిన్ సెంటర్‌లో ఒక్కొక్కటీ క్లిక్ చేసుకుంటూ పోతే తెమిలే పని కాదు. అందుకని వాడమనే చెబుతాను. అయితే స్క్రిప్టు ఎంత వేగంగా నడిచిందన్నది కాదు, తేడా వచ్చిన రోజు ఏం జరిగిందో ఎంత స్పష్టంగా చెప్పిందన్నదే నాకు ముఖ్యం. ఆ లెక్కన దీనికి మంచి మార్కులే పడతాయి, కానీ కొన్ని సెట్టింగులు మనం మార్చుకున్నాకే.

మొదటిది, ఎర్రర్ వచ్చినా ఆగకపోవడం. పవర్‌షెల్‌లో చాలా కమాండ్‌లు విఫలమైతే ఎర్ర అక్షరాల్లో ఒక మాట చెప్పేసి తర్వాతి లైనుకి వెళ్లిపోతాయి. ఎర్రర్‌ని పట్టుకోడానికి ట్రై, క్యాచ్ రాశాం కదా అని ధీమాగా ఉంటాం, కానీ ఇలా ఆగని ఎర్రర్లు క్యాచ్ దాకా రావు. లూప్‌లో ఒక్కో సైటుకి కనెక్ట్ అవుతూ పోయే స్క్రిప్టులో ఇది నిజంగా ప్రమాదం. కొత్త సైటుకి కనెక్షన్ కుదరక, ముందటి సైటు కనెక్షనే మిగిలి ఉంటే, కింది లైన్లన్నీ ఆ పాత సైటు మీదే పనిచేస్తాయి. చివర్లో ‘పూర్తయింది’ అన్న మాట కూడా మామూలుగానే పడుతుంది. తొలగించే స్క్రిప్టు అయితే చెప్పక్కర్లేదు. అందుకే ఎర్రర్ వస్తే ఏం చేయాలో చెప్పే సెట్టింగ్ ఎర్రర్‌యాక్షన్‌ప్రిఫరెన్స్‌ని స్టాప్ అని మొదటి లైన్లోనే పెడతాను. కనెక్షన్‌ని రిటర్న్‌కనెక్షన్ అనే ఆప్షన్‌తో ఒక వేరియబుల్‌లో తీసుకుని, ప్రతి కమాండ్‌కీ దాన్నే విడిగా ఇస్తాను. రాయడానికి కాస్త ఎక్కువైనా రాత్రి పూట టెన్షన్ ఉండదు.

పవర్‌షెల్ 7లో నాకు బాగా నచ్చింది గెట్-ఎర్రర్. స్క్రీన్ మీద కనిపించేది చాలాసార్లు పైపై మాటే, అసలు కారణం లోపలి ఎక్సెప్షన్‌లో ఉంటుంది. ఈ ఒక్క కమాండ్ దాన్ని పొరలు పొరలుగా విప్పి, ఏ లైన్లో మొదలైందో కూడా చూపిస్తుంది. విండోస్‌తో పాటు వచ్చే 5.1లో ఈ కమాండ్ లేదు.

5.1లో ఇంకో చిక్కుంది. సరిగ్గా ఉన్న స్క్రిప్టే ‘కొటేషన్ మూయలేదు’ అంటూ ఆగిపోతుంది. ఎంత వెతికినా కొటేషన్లన్నీ సరిగ్గానే ఉంటాయి. డాక్యుమెంట్‌లోంచి కాపీ చేసిన లైన్లో మామూలు హైఫన్ బదులు పొడవు గీత ఒకటి వచ్చి ఉంటుంది. ఫైల్ యూటీఎఫ్-8లో బామ్ (ఎన్‌కోడింగ్ ఏదో తెలిపే, ఫైల్ మొదట్లో ఉండే గుర్తు) లేకుండా సేవ్ అయితే 5.1 దాన్ని పాత విండోస్ ఎన్‌కోడింగ్‌లో చదువుతుంది. ఇంగ్లిష్ విండోస్‌లో ఆ గీత మూడు అక్షరాలుగా విడిపోతుంది, అందులో మూడోది వంపు తిరిగిన కొటేషన్. పవర్‌షెల్‌కి అదీ మామూలు కొటేషనే. ఇలాంటి ఎర్రర్ చూస్తే లాజిక్ వెతక్కండి, ముందు గీతలు చూడండి.

పర్మిషన్ల దగ్గర మాత్రం ఎర్రర్ మాటలు సరిపోవు. 403 (అనుమతి లేదు అనే ఎర్రర్) వస్తే, స్క్రిప్టు ఏ యాప్ ద్వారా కనెక్ట్ అవుతుందో ఆ యాప్‌కి అనుమతి లేదా, మనకు లేదా అన్నది అందులో తెలియదు. మన లాగిన్‌తో నడిపేటప్పుడు రెండూ ఉండాలి. షేర్‌పాయింట్ అడ్మిన్ పాత్ర ఉన్నంత మాత్రాన ప్రతి సైటు లోపలికీ దారి దొరకదు, ఆ సైటుకి అడ్మిన్‌గా మనల్ని చేర్చుకోవాలి. లాగిన్ లేకుండా యాప్‌తో నడిపేటప్పుడు సీక్రెట్ (యాప్‌కి పాస్‌వర్డ్ లాంటిది) ఇస్తే ‘అన్‌సపోర్టెడ్ యాప్ ఓన్లీ టోకెన్’ అంటుంది. సర్టిఫికెట్ పెట్టాలి అని అదే ఎర్రర్‌లో చెబితే ఎందరికో ఒక పూట మిగిలేది.

429 ఎర్రర్ వస్తే రిక్వెస్టులు ఎక్కువయ్యాయి, కాసేపు ఆగమని అర్థం. ఎంతసేపన్నది సర్వర్ జవాబుతో వచ్చే రిట్రై-ఆఫ్టర్‌లో ఉంటుంది. ఆగకుండా మళ్లీ మళ్లీ పంపితే ఆ రిక్వెస్టులు కూడా కోటాలోకే పోతాయి. ఇక 5,000 ఐటమ్‌లు దాటిన లిస్టులో ఇండెక్స్ లేని కాలమ్ మీద ఫిల్టర్ పెడితే థ్రెషోల్డ్ (పరిమితి దాటింది అనే) ఎర్రర్ రాకమానదు.

పీఎన్‌పీ కమ్యూనిటీ నడిపే ఓపెన్ సోర్స్ మాడ్యూల్, దానికి మైక్రోసాఫ్ట్ అధికారిక సపోర్ట్ ఉండదు. 2024 సెప్టెంబర్‌లో, పీఎన్‌పీతో లాగిన్ అవ్వడానికి అందరూ వాడుకునే ఉమ్మడి యాప్‌ని తీసేశారు. భద్రత దృష్ట్యా అది మంచి నిర్ణయమే. కానీ అంతకు ముందు రాసిన గైడ్‌లు పట్టుకుని మొదలుపెట్టే కొత్తవాళ్లకి లాగిన్ దగ్గరే బ్రేక్ పడుతుంది. ముందు ఎంట్రా ఐడీలో (మైక్రోసాఫ్ట్ లాగిన్‌లు, యాప్ అనుమతులు చూసుకునే సర్వీసు) సొంత యాప్ రిజిస్టర్ చేసుకుని, ఆ యాప్ గుర్తింపు నంబరైన క్లయింట్ ఐడీతో కనెక్ట్ అవ్వండి. దాని సర్టిఫికెట్ గడువు తేదీని టీమ్ క్యాలెండర్‌లో ఆ రోజే పెట్టేయండి.