స్నాక్స్ బాక్స్‌లోకి ఏది మేలు: 10 రూపాయల ప్యాకెట్టా, స్వీట్ షాపు కారప్పూసా, ఇంట్లో చేసిన పల్లీ ఉండలా?

బడులు తెరిచిన దగ్గర్నుంచి మా అపార్ట్‌మెంట్లో అందరూ ఇదే అడుగుతున్నారు, పిల్లల స్నాక్స్ ఖర్చు తగ్గాలంటే బాక్స్‌లో ఏం పెట్టాలి అని. నాకూ ఇద్దరు పిల్లలు, పోయినేడు మూడు రకాలూ పెట్టి చూశాను కాబట్టి రాస్తున్నా.

ప్యాకెట్లయితే ఒక్కొక్కరికి రోజూ 10 రూపాయలది ఒకటి, నెలకి 24 బడి రోజులు వేసుకుంటే ఇద్దరికీ 480. పొద్దున హడావుడిలో దీనంత సుఖం ఇంకోటి లేదు, ఆ మాట నిజమే. కానీ ప్యాకెట్ వెనక బరువు ఎంత ఉందో ఒకసారి చూడండి, ధర 5, 10 దగ్గరే ఆగింది గానీ లోపల గ్రాములు ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చాయి. చిప్స్ తిన్న రోజు మా చిన్నోడు లంచ్ దాకా ఆగలేకపోయేవాడు.

దానికంటే కారప్పూస నయం అని మా సందు చివర స్వీట్ షాపులో అరకిలో 150 పెట్టి తెచ్చేదాన్ని. బాక్సుకి 30 గ్రాములు వేస్తే పదహారు బాక్సులు రావాలి కదా, మూడో రోజుకే డబ్బా అడుగు కనపడేది, ఎందుకంటే టీతో మా ఆయన ఓ గుప్పెడు, బడి నుంచి వచ్చాక పిల్లలు చెరో గుప్పెడు, ఎవరు ఎంత తీశారో తెలీదు. పెద్ద ఫ్యామిలీ ప్యాక్‌లదీ ఇదే కథ, పైగా వానాకాలంలో విప్పిన రెండో రోజుకే మెత్తబడతాయి.

నా మటుకు అసలు తేడా ఇక్కడే ఉంది. ఖర్చు తగ్గాలంటే లెక్కపెట్టగలిగే తిండి కావాలి. అరకిలో పల్లీలు మాకు 80, దానికి బెల్లం 400 గ్రాములు వేస్తా, అది ఓ 30. చిన్న నిమ్మకాయంత ఉండలు చేస్తే 36 దాకా వస్తాయి, అంటే ఒక్కోటి మూడు రూపాయలు. ఇద్దరికీ రోజుకొకటి చొప్పున 18 రోజులు, ఆదివారాలు తీసేస్తే సరిగ్గా మూడు వారాలు. ఒకటి తగ్గినా తెలిసిపోతుంది. బరువూ దాదాపు 25 గ్రాములు, కడుపులో నిలబడుతుంది. 2020లో ఆంధ్రా సర్కారు బడుల మధ్యాహ్న భోజనంలో చిక్కీ చేర్చారంటే ఊరికే కాదు.

సున్నుండలు ఇంకా బలం, కానీ నెయ్యి ధరకి ఒక్కోటి ఆరేడు రూపాయలు పడుతుంది, పండక్కి చేసుకుందాం. జంతికలకి నూనె, సగం రోజు పని. మరమరాలు చవకే గానీ బ్రేక్ టైమ్‌కి మెత్తబడతాయి. అరటిపండు బ్యాగులో నలిగిపోతుంది.

ఉండలకి పాకం కూడా అక్కర్లేదు. పల్లీలు సన్న సెగ మీద వేయించి, పూర్తిగా చల్లారాక పొట్టు తీసి, బెల్లం తురుముతో మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, ఒకేసారి తిప్పితే ముద్దైపోతుంది. పల్లీల్లో నూనే వాటిని పట్టి ఉంచుతుంది, నెయ్యి చుక్క కూడా వెయ్యను. తడి చెయ్యి మాత్రం డబ్బాలో పెట్టకండి. శనివారం ఒక్కరోజు పిల్లలకి నచ్చిన ప్యాకెట్ కొనిస్తున్నా, అప్పుడు ఆ వారానికి రెండు ఉండలు మిగిలి సోమవారం చెరొకటి ఎక్కువ పెడతాను.