వసంతంలో ఆండలూసియా: సెవిల్లే, కోర్డోబా, గ్రనాడాల్లో మా కుటుంబానికి ఏది ఎంత నచ్చింది

గల్ఫ్‌లో ఉండేవాళ్ళం పిల్లల పరీక్షలు అయిపోగానే ఎక్కడికి వెళ్దామా అని కూర్చుంటే మొదట వినిపించే పేర్లు ఇస్తాంబుల్, లండన్. రెండూ మంచివే. హలాల్ తిండికీ, నమాజుకీ అక్కడ వెతుక్కునే పని లేదు. మేం మాత్రం పట్టుబట్టి దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియా వెళ్ళాం. మేమంటే నేను, మా ఆవిడ, పిల్లలు, గుంటూరు నుంచి వచ్చి షార్జాలో మా దగ్గరే ఉంటున్న అమ్మ. మాతో పాటు మా ఆఫీసులో పనిచేసే జోర్డాన్ స్నేహితుడి కుటుంబం. 711 నుంచి 1492 దాకా ఆ నేల మీద ఎక్కడో ఒకచోట ముస్లింల పాలన ఉంటూనే వచ్చింది. ఆ పేర్లు చిన్నప్పటి నుంచి వింటూ వచ్చిన మాకు ఒక్కసారైనా కళ్ళారా చూడాలని ఉండేది.

వెళ్దామనుకునేవాళ్ళకి నా మాట ముందే చెప్పేస్తాను. ఎక్కువ రాత్రులు గ్రనాడాకి ఇవ్వండి. కోర్డోబాని పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే ఊరు చేసుకోకండి, ఒక్క రాత్రయినా అక్కడ పడుకోండి. సెవిల్లేకి పూల కోసం వెళ్ళండి, కానీ రోజులన్నీ అక్కడే ఖర్చు పెట్టకండి.

కాలం గురించి. రంజాన్ పండగ అయ్యాక, ఈస్టర్‌కి ముందు వచ్చే వాళ్ళ పవిత్ర వారం మొదలయ్యేలోపు వెళ్ళగలిగితే అంతకన్నా మంచి సమయం లేదు. ఆ వారంలో సెవిల్లే వీధుల్లో అర్ధరాత్రి దాకా ఊరేగింపులు నడుస్తాయి, హోటల్ రేట్లు ఆకాశానికి ఎక్కుతాయి. అది గడిచి రెండు వారాలకే ఊళ్ళో పెద్ద జాతర, ఫెరియా. అప్పుడూ అంతే. ఏప్రిల్ మొదట్లో పగలు హాయిగా ఉంటుంది, మధ్యలో ఒక వాన పడుతుంది. గ్రనాడాలో రాత్రిళ్ళు మాత్రం స్వెటర్ ఉండాల్సిందే, ఊరి వెనకాలే సియెర్రా నెవాడా కొండలు మంచుతో తెల్లగా కనిపిస్తుంటాయి. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్ళుంటే మే నెల వద్దు. ఆ ప్రాంతమంతా ఆలివ్ తోటలే, ఆ పుప్పొడికి అక్కడి జనమే ఇబ్బంది పడతారు.

వీసా టెన్షన్ గురించి రెండు ముక్కలే. ఎమిరాతీలకి షెంగెన్ వీసా అక్కర్లేదు. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి, మా జోర్డాన్ మిత్రుడికి తప్పదు. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ళ పిల్లలకి 45. అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి వసంతంలో వెళ్ళాలంటే చలికాలంలోనే మొదలుపెట్టాలి.

మాడ్రిడ్‌లో దిగి రైలెక్కాం. స్పెయిన్‌లో మొదటి హైస్పీడ్ రైలు మార్గం 1992లో మాడ్రిడ్, సెవిల్లే మధ్యే వేశారు, కోర్డోబా ఆ దారిలోనే తగులుతుంది. స్టేషన్‌లో సామాను స్కాన్ చేస్తారు కాబట్టి చివరి నిమిషంలో పరుగెత్తుకుంటూ వెళ్తే కుదరదు. రైలు మాత్రం శుభ్రంగా, టైముకి నడిచింది. కోర్డోబా నుంచి సెవిల్లే ముప్పావుగంట ప్రయాణం. ముసలివాళ్ళతో, పిల్లలతో వెళ్ళేవాళ్ళు కారు అద్దెకు తీసుకోవడం కంటే ఇదే మేలు. ఈ మూడు ఊళ్ళలోనూ పాత బస్తీల్లోకి కారుతో వెళ్ళడమే ఒక తలనొప్పి.

సెవిల్లే దిగగానే పట్టేసేది వాసన. వీధి వీధినా నారింజ చెట్లే. కాయ చేదు, తినడానికి పనికిరాదు, కానీ ఆ తెల్లటి పూలు విచ్చుకున్నప్పుడు గుంటూరు జిల్లాలో నిమ్మతోట పక్క నుంచి బస్సు వెళ్తున్నట్టే ఉంటుంది. అమ్మ అయితే హోటల్ దాకా టాక్సీ అద్దం దించే కూర్చుంది. హిరాల్డా గోపురం ఒకప్పటి పెద్ద మసీదు మినార్, 1198లో పూర్తయింది. ఊరు చేజారాక పైన గంటలు కట్టారు. లోపల మెట్లు కాదు, ముప్ఫైకి పైగా వాలు దారులు ఒకదాని మీద ఒకటి తిరుగుతూ పైకి వెళ్తాయి. ముఅజ్జిన్ (అజాన్ ఇచ్చేవాడు) గుర్రం మీద ఎక్కేందుకు అలా కట్టారని చెబుతారు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ ప్రతి మలుపు దగ్గరా కిటికీలో కాసేపు కూర్చుంటూ పైదాకా వచ్చింది. అల్కాజార్ ప్యాలెస్‌కి టికెట్ ముందే కొనుక్కోండి. అది 14వ శతాబ్దంలో క్రైస్తవ రాజు పెద్రో కట్టించుకున్నది, పనితనం ముస్లిం శిల్పులది. క్రైస్తవ రాజు ఇంటి గోడల మీద అరబీ అక్షరాలు చూసి మా మిత్రుడి కూతురు వేసిన ప్రశ్నలకి జవాబులు చెప్పలేక వాళ్ళ నాన్న అలసిపోయాడు.

సెవిల్లేలో బస మాకు నచ్చలేదు. మంచి పేరున్న హోటలే. టిఫిన్‌లో పంది మాంసం వేరుగా పెడతామని రాసి ఇచ్చారు. తీరా చూస్తే గుడ్లకీ, పంది మాంసానికీ ఒకటే పట్టకారు. అడిగితే సారీ చెప్పి ఇంకో పట్టకారు తెచ్చారు, మర్నాడు మళ్ళీ మామూలే. మూడో రోజుకి బ్రెడ్డు, పళ్ళు, టీతో సరిపెట్టుకున్నాం. అప్పటి నుంచి వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లే తీసుకున్నాం. మా ఆవిడ షార్జా నుంచి పట్టుకొచ్చిన పచ్చడి సీసా, సోనామసూరి పొట్లం ఆ రోజు నుంచి అందరినీ నిలబెట్టాయి. జోర్డాన్ పిల్లలు గోంగూర పచ్చడికి అలవాటు పడిపోయారు.

తిండి సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. స్పెయిన్‌లో పంది మాంసం కనిపించేదాని కంటే కనిపించనిదే ఎక్కువ. సాల్మోరేహో అని చిక్కటి చల్లని టమాటా సూపు ఉంటుంది, చాలా బావుంటుంది, కానీ పైన హామోన్ (పంది తొడ మాంసం) ముక్కలు చల్లి ఇస్తారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ‘సిన్ హామోన్’ (హామోన్ లేకుండా) అనాలి. మాంతెకాదో లాంటి బిస్కెట్లలో వాడేది పంది కొవ్వు. కూరల్లో వైన్ పోసే అలవాటుంది. గ్రనాడాలో డ్రింకు చెబితే ఉచితంగా ఒక చిన్న ప్లేటు తపా వస్తుంది. కూల్‌డ్రింక్‌తో కూడా వస్తుంది, అందులో ఏముందో అడక్కుండా పిల్లల ముందు పెట్టకండి. ‘సిన్ సెర్దో, సిన్ ఆల్కొహోల్’ (పంది మాంసం లేకుండా, మద్యం లేకుండా) అన్న రెండు మాటలు పిల్లలతో సహా అందరూ నేర్చుకున్నాం. వడ్డించేవాళ్ళు విసుక్కోకుండా వంటింట్లోకి వెళ్ళి కనుక్కుని వచ్చి చెప్పారు, ఆ మర్యాద మాత్రం మూడు ఊళ్ళలోనూ చూశాం. మేం ధైర్యంగా తిన్నవి శనగలు వేసిన పాలకూర, వంకాయ వేపుడు మీద చెరుకు పాకం, చేపల వేపుడు. చేపలైనా వేరే నూనెలో వేయిస్తారో లేదో అడిగేవాళ్ళం. వంకాయ వేపుడు కోర్డోబాలో తినండి. అమ్మకి తీపి వంకాయ మింగుడు పడలేదు, నాకు మాత్రం ఇప్పటికీ నాలుక మీదే ఉంది. మధ్యాహ్న భోజనం రెండు దాటాకే, రాత్రి భోజనం తొమ్మిదికే. ఏప్రిల్‌లో మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) కూడా తొమ్మిదికి కాస్త ముందే కాబట్టి నమాజు చదువుకుని తాపీగా బయల్దేరితే సరిగ్గా సరిపోయేది.

నమాజు విషయానికొస్తే, సెవిల్లేలో చిన్న మసీదే అయినా దాని వెనక మంచి సంగతి ఒకటుంది. అద్దె గడువు తీరి మసీదు పోయేలా ఉన్నప్పుడు, 2007లో ఆ ఊరి సెవియా జట్టులో అప్పటి ఫుట్‌బాల్ ఆటగాడు ఫ్రెడెరిక్ కనూతే తన డబ్బుతో ఆ భవనం కొని నిలబెట్టాడు. మా పెద్దోడికి ఈ ఊళ్ళో బాగా నచ్చింది ఇదే. ప్రయాణంలో ఉన్నాం కాబట్టి నమాజులు కుదించుకున్నాం. మా మిత్రుడి వాళ్ళు జొహర్ (మధ్యాహ్నపు నమాజు), అసర్ (సాయంత్రపు నమాజు) కలిపి చదివేవాళ్ళు, మేం హనఫీ పద్ధతి పాటించేవాళ్ళం కనుక వేటికవే చదివాం. దీనివల్ల రోజు ప్లాన్ వేసుకోవడంలో రెండు కుటుంబాలకీ కొంచెం తేడా వస్తుంది. ముందే మాట్లాడుకుంటే మంచిది. ఇంకో ముఖ్యమైన మాట: బాత్రూముల్లో నీళ్ళ పైపు ఉండదు. చిన్న ప్లాస్టిక్ సీసా ఎప్పుడూ బ్యాగులో ఉంచుకోండి. ఒజూకి (నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి) కూడా పనికొస్తుంది.

ఇక కోర్డోబా. దీని గురించి రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను. అప్పటి ముస్లిం పాలకుడు మొదటి అబ్దుర్రహ్మాన్ 785 ప్రాంతంలో మొదలుపెట్టిన మసీదుని తర్వాతి వాళ్ళు రెండు వందల ఏళ్ళ పాటు పెంచుకుంటూ పోయారు. ఇప్పుడు 856 స్తంభాలున్నాయి. చాలా వాటిని పాత రోమన్, విసిగోత్ కట్టడాల నుంచి తెచ్చి నిలబెట్టారు. దగ్గరికి వెళ్ళి చూస్తే రంగూ వేరు, పై దిమ్మె చెక్కడమూ వేరు. వాటి మీద ఎర్ర ఇటుక, తెల్లరాయి కలిపిన జంట కమానులు కంటి చూపు పోయినంత దూరం. 1236లో ఊరు చేజారాక అది చర్చి అయింది. 1523లో మధ్యలో స్తంభాలు తీసేసి పెద్ద కెథెడ్రల్ కట్టడం మొదలుపెట్టారు. అక్కడ ముస్లింలు నమాజు చదవడానికి అనుమతి లేదు. ఈ మాట అమ్మకి రైల్లోనే చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. “నిలబడనివ్వకపోతే పోనీ నాయనా, మనసులో చదువుకుంటే ఎవరాపుతారు?” అంది.

సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర వరకు ప్రవేశం ఉచితం. డబ్బు మిగలడం కాదు దాని గొప్ప, ఆ గంటలో గైడ్ల గుంపులుండవు. అందుకే ఊళ్ళో ఒక రాత్రి ఉండమంటున్నాను. రెండో అల్‌హకమ్ కాలపు మిహ్రాబ్ (నమాజు దిక్కు చూపే గూడు) దగ్గర కటకటాలున్నాయి, వాటి ముందు నిలబడి చూడాలి. బైజాంటియం (ఇప్పటి ఇస్తాంబుల్) నుంచి తెప్పించిన పనివాళ్ళు పొదిగిన బంగారు రంగు గాజు ముక్కలు, వాటి మధ్య నీలం మీద కూఫీ అనే పాత అరబీ లిపిలో ఆయతులు (ఖురాన్ వాక్యాలు). మా మిత్రుడు కళ్ళు చికిలించి, మూలలు తిరిగిన ఆ అక్షరాల్ని ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాడు. అతను సగం చదివేసరికి అది ఏ ఆయతో అమ్మకి తెలిసిపోయింది, మిగతాది తనే నోట్లో చెప్పుకుంది. అరబీ మాతృభాష అయిన మనిషికి లిపి తెలిసింది, మా అమ్మకి ఆయతు కంఠస్తం. ఇద్దరికీ చెరి సగం. నాకు బాధ కలగలేదంటే అబద్ధం. మధ్యలో కెథెడ్రల్ కట్టిన చోట నిలబడి పైకి చూస్తే అదీ అందమైన పనే, కానీ తీసేసిన స్తంభాల చోటే నాకు కనబడుతూ వచ్చింది. అయినా పడగొట్టకుండా ఉంచారు కాబట్టే ఈరోజు మేం అక్కడ నిలబడగలిగాం, అదీ నిజమే. అక్కడి నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే కొలోన్ తోటలో మొరాబితోస్ మసీదు అని ఒక బుల్లి మసీదుంది. అసర్ అక్కడ చదువుకున్నాం.

ఊరికి ఎనిమిది కిలోమీటర్లలో మదీనా అజహరా శిథిలాలున్నాయి. మూడో అబ్దుర్రహ్మాన్ 936లో మొదలుపెట్టిన రాజనగరం, వందేళ్ళు కూడా నిలవకుండా అంతర్యుద్ధంలో ధ్వంసమైంది. నీడ తక్కువ, నడక ఎక్కువ. ముసలివాళ్ళు కింద మ్యూజియం చూసి ఆగిపోయినా తప్పులేదు. పాటియోల పండగ, అంటే ఇళ్ళ లోపలి పూలకుండీల ముంగిళ్ళ పోటీ, మే మొదటి రెండు వారాల్లో. మాకు కుదరలేదు.

గ్రనాడాలో అల్‌హంబ్రా కోటకి సాటి లేదు, దాని గురించి అందరూ రాసిందే. టికెట్ మాత్రం వారాల ముందే అయిపోతుంది. పేరుతో ఇస్తారు, పాస్‌పోర్ట్ చూపించాలి. లోపలి నస్రీద్ (గ్రనాడా చివరి ముస్లిం రాజవంశం) ప్యాలెస్‌ల్లోకి మీ టికెట్ మీద రాసిన వేళకే వెళ్ళాలి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ఉచితం, అయినా టికెట్ తీసుకోవాలి. గోడల మీద ‘వలా గాలిబ ఇల్లల్లాహ్’ (అల్లాహ్ తప్ప విజేత లేడు) అన్న నస్రీద్ రాజుల నినాదం ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టమని పిల్లలకి పందెం పెడితే సింహాల ముంగిలి చేరేలోపే చేతులెత్తేశారు.

గ్రనాడాని నేను పైన పెట్టడానికి కారణం మాత్రం ఎదురు కొండ మీద అల్బైసిన్ పేటలో ఉన్న మసీదు. 1492 తర్వాత ఆ ఊళ్ళో కొత్తగా కట్టిన మొదటి మసీదు 2003 జూలైలో తెరిచారు. స్థలం కొన్న తర్వాత అనుమతులకీ, డబ్బుకీ ఇరవై ఏళ్ళకి పైగా పట్టింది. కట్టడానికి పెద్ద సాయం చేసింది షార్జా పాలకుడు షేక్ సుల్తాన్ అల్ కాసిమీ. మేం రోజూ ఉండే ఊరి పేరు అక్కడ వినగానే పిల్లలకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. జుమా (శుక్రవారం నమాజు) అక్కడే చదివాం. పక్కన స్పానిష్ ముస్లింలు, మొరాకో కుర్రాళ్ళు, సెనెగల్ వాళ్ళు. తోటలో నిలబడితే ఎదురుగా అల్‌హంబ్రా. ఆ తోటలోకి ముస్లిం కానివాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు. కోర్డోబాలో చూసింది ఎంత గొప్పదైనా గతమే. ఇక్కడ అజాన్ వినబడుతుంది, నమాజు తర్వాత సలామ్ చెప్పి ఎక్కడి నుంచి వచ్చారని అడిగేవాళ్ళున్నారు.

కింద కాల్దెరేరియా నువేవా వీధిలో పుదీనా టీ కొట్లు, మొరాకో మిఠాయిలు, హలాల్ భోజనం. పర్యాటకుల రేట్లే, తాజీన్ (మొరాకో కూర) మాత్రం బాగుంది. బస అల్బైసిన్ కొండ మీద తీసుకోకండి. ఫొటోల్లో అందంగా ఉంటుంది, కానీ గులకరాళ్ళ ఎగుడు సందుల్లో సూట్‌కేసులు లాక్కెళ్ళాలి, టాక్సీ వాకిలి దాకా రాదు. కింద ఊళ్ళో అపార్ట్‌మెంట్ తీసుకుని సీ31 చిన్న బస్సులో పైకి వెళ్ళాం, అమ్మకి అదే సుఖం. అల్‌హంబ్రాకి సీ30. అరబ్ స్నానశాలలని బోర్డులు చూసి మా ఆడవాళ్ళు ముచ్చటపడ్డారు కానీ చాలావాటిలో ఆడా మగా కలిసే దిగుతారు. ముందు అడిగి తెలుసుకోండి. హిజాబ్‌తో తిరిగినందుకు మా ఆవిడకి గానీ, మా మిత్రుడి భార్యకి గానీ ఎక్కడా ఇబ్బంది ఎదురుకాలేదు.

మళ్ళీ వెళ్తే నేను చేసే వరస ఇది. ముందు అల్‌హంబ్రా టికెట్ ఏ రోజుకి దొరుకుతుందో చూస్తాను. ఆ రోజు చుట్టూ శుక్రవారం కలిసొచ్చేలా గ్రనాడా బస, దాని ముందు కోర్డోబాలో ఒక రాత్రి. విమానం, సెవిల్లే ఆ తర్వాతే.