శాంటొరినీ, నాక్సోస్, క్రీట్: సముద్రంలో దిగాలనుకునేవారికి ఏది మేలు?

గ్రీస్ దీవులకు వెళ్తున్నామని ఎవరు చెప్పినా నేను ముందుగా అడిగేది ఒక్కటే: చూడటానికా, నీళ్లలో దిగడానికా? ఈ రెండు కోరికలూ ఒకే దీవిలో తీరవు. మనవాళ్లలో చాలామంది శాంటొరినీ ఫొటోలు చూసి మనసు పారేసుకుంటారు. తెల్లటి ఇళ్లు, నీలి గుమ్మటాలు, వాటి కింద మెరిసే సముద్రం. ఆ ఫొటోలో సముద్రం ఉంది గానీ బీచ్ లేదు. అది గమనించకుండా పిల్లాపాపలతో అక్కడే వారమంతా గదులు తీసుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది, ఈత సరదా మాత్రం సగమే తీరుతుంది.

దీనికి కారణం ఆ దీవి పుట్టుకలోనే ఉంది. సుమారు 3,600 ఏళ్ల కిందట అక్కడ పెద్ద అగ్నిపర్వతం పేలి, దీవి నడిభాగం సముద్రంలోకి కుంగిపోయింది. మిగిలిన నిట్టనిలువు కొండ అంచు మీద కట్టుకున్న ఊళ్లే ఫిరా, ఇయా. బీచ్‌లన్నీ దీవికి అవతలి వైపు ఉన్నాయి: కమారి, పెరిస్సా, పెరివోలోస్. ఇయాలో దిగినవారు ఫిరా వెళ్లి, అక్కడ బస్సు మారి ఈ బీచ్‌లకు చేరాలి. ఇసుక నల్లగా ఉంటుంది. చూడటానికి అబ్బురంగానే ఉంటుంది గానీ మిట్టమధ్యాహ్నం కాలు పెట్టలేం, నీటి అంచు దాకా చెప్పులు ఉండాల్సిందే. పెరిస్సాలో కొన్నిచోట్ల నీళ్లలో అడుగుపెట్టగానే పాచి పట్టిన రాతి పలకలు తగులుతాయి. అవి దాటేసరికి లోతు మొదలవుతుంది. ఈత రానివారికీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికీ ఇది ఇబ్బందే. పేరున్న ఎర్ర బీచ్‌లో కొండచరియలు విరిగిపడుతుంటాయి. హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు కాబట్టి దూరం నుంచి చూసి వచ్చేయడం మంచిది.

ఇక నాక్సోస్. సిక్లడీస్ దీవుల సముదాయంలో అన్నింటికంటే పెద్దది ఇదే. మనవాళ్ల నోట ఎక్కువగా వినిపించని ఈ పేరు గురించే నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. ఓడ దిగి, సామాను గదిలో పెట్టి, పదిహేను నిమిషాలు నడిస్తే అగియోస్ యోర్గోస్ బీచ్ వస్తుంది. అక్కడ నీళ్లు చాలా దూరం మోకాలి లోతే ఉంటాయి. మన విశాఖలోనో సూర్యలంకలోనో కాళ్ల కింద ఇసుకను లాగేసే అలలకు భయపడి ఒడ్డునే నిలబడిపోయే అమ్మమ్మలు కూడా ఇక్కడ నిశ్చింతగా నీళ్లలో కూర్చోవచ్చు. మధ్యధరా ప్రాంతపు సముద్రాల్లో ఆటుపోట్ల తేడా చాలా తక్కువ. గాలి లేని రోజున ఈ దీవుల చుట్టూ ఉన్న ఏజియన్ సముద్రం చెరువులా ఉంటుంది. అడుగున మీ కాలి వేళ్లు స్పష్టంగా కనిపిస్తాయి.

అక్కడి నుంచి దక్షిణంగా పడమటి తీరం వెంట అగియోస్ ప్రోకోపియోస్, అగియా అన్నా, ప్లాకా వరుసగా ఉన్నాయి. వేసవిలో రేవు నుంచి బస్సులు తిరుగుతుంటాయి కాబట్టి కారు లేకపోయినా గడిచిపోతుంది. ప్లాకా కిలోమీటర్ల పొడవున సాగే ఇసుక తీరం. కాస్త నడిస్తే చాలు, మన చోటు మనకు దొరుకుతుంది. సాయంత్రం చూడటానికేం ఉందంటారా? రేవు పక్కనే పోర్తారా ఉంది. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో మొదలుపెట్టి పూర్తిచేయకుండా వదిలేసిన గుడికి మిగిలిన పాలరాతి ద్వారం అది. దాని మధ్యగా సూర్యాస్తమయం చూస్తే ఇయాలో జనం మధ్య నలిగిపోలేదన్న బెంగ ఉండదు.

నాక్సోస్‌కు లోటు లేదని కాదు. విమానాశ్రయం చిన్నది, ఏథెన్స్ నుంచి చిన్న విమానాలే వస్తాయి. ఏథెన్స్ దగ్గరి పిరయస్ రేవు నుంచి మామూలు ఓడలో ఐదు గంటలకు పైనే పడుతుంది. ఓడ ప్రయాణం పడనివారు దీన్ని ఆలోచించుకోవాలి.

క్రీట్ సంగతి వేరు. అది దీవి అనిపించదు, రాష్ట్రంలా ఉంటుంది. తూర్పు పడమరలుగా దాదాపు 260 కిలోమీటర్లు. గులాబీ ఛాయ ఇసుకతో ఎలఫోనిసి, మడుగులా పరుచుకున్న బాలోస్, విశాలమైన ఫలసర్నా, ఈ మూడూ పడమటి కొసన ఉన్నాయి. అందంలో నాక్సోస్ బీచ్‌లు వీటి ముందు నిలవవని ఒప్పుకుంటాను. కానీ అక్కడి హానియా పట్నం నుంచి ఎలఫోనిసికి కొండదారిలో దాదాపు గంటన్నర. కారు ఉంటేనే క్రీట్ మీది అవుతుంది. అక్కడ రోడ్డుకు కుడివైపున నడపాలి, మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లాలి. గేర్లు లేని కారు కావాలంటే చాలా ముందే చెప్పి ఉంచాలి. చేతిలో పది రోజులుండి, నడపగలవారు ఇద్దరుంటే క్రీట్ అంత తృప్తినిచ్చేది ఇంకొకటి లేదు. నాలుగు రోజులకైతే వద్దు.

ఏ దీవి అన్నదెంత ముఖ్యమో, ఏ నెల అన్నదీ అంతే ముఖ్యం. మన బడుల వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలవుతాయి. అప్పటికి అక్కడి ఎండ బాగున్నా నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి, పిల్లలు వణికి బయటకు వచ్చేస్తారు. జూన్ మొదటి వారాలు పరవాలేదు. జూలై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది. అది ముదిరితే ఇసుక ముఖాన కొడుతుంది, ఓడలు ఆగిపోతాయి. నా లెక్కలో దసరా సెలవులే అన్నిటికంటే మంచివి. వేసవంతా కాగిన సముద్రం అక్టోబరు మొదట్లోనూ వెచ్చగానే ఉంటుంది, జనం పలచబడతారు, గదుల ధరలు దిగుతాయి.

బీచ్‌లో గొడుగు, పడక కుర్చీ అద్దెకు తీసుకోక తప్పదని చాలామంది అనుకుంటారు. అక్కడ సముద్రతీరం ప్రజలందరి ఆస్తి. పరోస్ అనే పొరుగు దీవి వాసులు, నాక్సోస్ వాసులు 2023లో కుర్చీల ఆక్రమణపై ఆందోళన చేశారు. ఆ మరుసటి ఏడాది వచ్చిన చట్టం ప్రకారం లీజుకిచ్చే బీచ్‌లో 70 శాతం స్థలాన్ని ఖాళీగా వదలాలి. ఆ ఖాళీ చోట తువ్వాలు పరుచుకుని కూర్చుంటే ఎవరూ లేపలేరు.

శాకాహారులు బెంగపడనక్కరలేదు. ఆర్థడాక్స్ క్రైస్తవుల ఉపవాసాల పుణ్యమా అని మాంసం లేని వంటకాలు అక్కడ ఇంటింటా ఉన్నాయి. హోటల్లో ‘నిస్తిసిమో’ అని అడిగితే ఉపవాసపు వంట ఏముందో చెబుతారు. చేపలు ఉపవాసంలో చెల్లవు గానీ రొయ్యలు, ఆక్టోపస్ చెల్లుతాయి కాబట్టి అవి లేవని మాత్రం మళ్లీ అడిగి తెలుసుకోవాలి. శాంటొరినీ ఫావా అయితే ముద్దపప్పుకు దగ్గరి చుట్టమే.

కొత్తగా పెళ్లయినవారు శాంటొరినీ వెళ్లండి, రెండు రాత్రులు కొండ అంచున ఉండండి, ఆ అనుభవానికి సాటి లేదు. చిన్నపిల్లలు, పెద్దలు ఉన్న కుటుంబానికి నాక్సోస్. రెండూ కావాలంటే అదీ కుదురుతుంది, వాటి మధ్య ఓడ ప్రయాణం సుమారు రెండు గంటలే. ముందు నాక్సోస్‌లో నాలుగైదు రోజులు ఈతలు కొట్టి, చివర్లో శాంటొరినీ పెట్టుకోండి. అక్కడి నుంచి ఏథెన్స్‌కు విమానాలు ఎక్కువ, గాలికి ఓడలు ఆగినా దారి ఉంటుంది. అయినా ఇంటికి వచ్చే విమానానికి ముందు ఒక రోజు ఏథెన్స్‌లో గడిపేలా చూసుకోండి.