బ్యాచిలరెట్‌కి గోవానా, బెంగళూరా? ముహూర్తం ఏ నెలలో ఉందో చూసి తేల్చుకోండి

హైదరాబాద్‌లో ఒక అమ్మాయికి పెళ్లి కుదిరిందంటే, పెళ్లికి ముందు ఫ్రెండ్స్ అంతా కలిసి చేసుకునే సరదా ట్రిప్పు, అదే బ్యాచిలరెట్ కోసం, ఆ సాయంత్రానికే వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు "గోవా!" అని పెడతారు. బెంగళూరు పేరు ఎత్తితే "అదేముంది, ఆఫీసు పని మీద వెళ్లే ఊరేగా" అని తీసిపారేస్తారు. నేను అలా అనుకోను. రెండు రాత్రుల ట్రిప్పుకు ఈ రెండూ మంచి ఊళ్లే. అయితే ఖర్చు లెక్కకొస్తే ఏడాది పొడవునా ఒకే ఊరు మేలు కాదు. పెళ్లి ముహూర్తం ఏ మాసంలో ఉందో దాన్ని బట్టి జవాబు తారుమారవుతుంది.

ఊరి సంగతి మాట్లాడేముందు అంకె తేలాలి. గ్రూపులో అందరి ముందూ "బడ్జెట్ ఎంత అనుకుందాం?" అని అడిగితే నిజమైన జవాబు రాదు. ఒకమ్మాయికి ఐటీలో మంచి జీతం, ఇంకొకరు ప్రైవేటు స్కూల్లో టీచర్, మరొకరు ఇంకా పీజీ చదువుతోంది. ఎక్కువ జీతమున్న అమ్మాయి ముందుగా ఒక అంకె చెప్పేస్తుంది, మిగతావాళ్లు మొహమాటానికి తలూపుతారు. తలూపిన ఆ అమ్మాయే తర్వాత క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ కడుతుంది, లేదా చివరి వారంలో "ఒంట్లో బాలేదు" అని మానేస్తుంది. రెండూ బాధ కలిగించేవే. అందుకని ప్లాన్ చేసే అమ్మాయి ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టి, "అన్నీ కలిపి నువ్వు ఎంతవరకు పెట్టగలవు? ఎవరికీ చెప్పను" అని అడగాలి. వచ్చిన వాటిలో అన్నిటికన్నా చిన్న అంకే అందరి బడ్జెట్. సగటు తీస్తే సగం మందికి భారమవుతుంది. ఎక్కువ పెట్టగలిగినవాళ్లకు మనసుంటే పెళ్లికూతురికి బహుమతి ఘనంగా ఇవ్వొచ్చు.

ఇప్పుడు పంచాంగం తెరుద్దాం.

పెళ్లి శ్రావణంలో అయితే బ్యాచిలరెట్ ఆషాఢంలో, అంటే జూన్ చివర నుంచి జూలై లోపల పడుతుంది. అది గోవాలో వానాకాలం. బీచ్ షాక్‌లు, అంటే ఒడ్డున వేసే తాత్కాలిక హోటళ్లు, తీసేస్తారు, వాటర్ స్పోర్ట్స్ ఆపేస్తారు, సముద్రంలో దిగొద్దని ఎర్ర జెండాలు పెడతారు. పర్యాటకులు తగ్గుతారు కాబట్టి, డిసెంబర్‌లో కళ్లు తిరిగే ధర చెప్పిన విల్లానే అప్పుడు సగం కంటే తక్కువకు ఇస్తారు. ఆడపిల్లలంతా స్విమ్మింగ్ పూల్ ఉన్న ఒక ఇంట్లో చేరి వంట, పాటలు, మెహందీ, రాత్రంతా కబుర్లు అనుకుంటే సముద్రం అలిగినా నష్టమేమీ లేదు. పంజిమ్‌లో పాత పోర్చుగీసు ఇళ్లుండే ఫొంటైన్యాస్ సందులు, పాత గోవా చర్చిలు వానలో ఇంకా బాగుంటాయి. కాదు, బీచ్‌లో పడుకుని ఎండ కాగాలి, పారాసెయిలింగ్ చేయాలి అంటే మాత్రం ఆ నెలలో గోవాకు వెళ్లి దిగులు పడటం తప్ప ఏమీ ఉండదు.

పెళ్లి మాఘంలో అయితే కథ వేరు. డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, ముహూర్తాలు ఉండవు. సెలవులు కూడా అప్పుడే దొరుకుతాయి కాబట్టి బ్యాచిలరెట్ సరిగ్గా ఆ రోజులకే వచ్చి పడుతుంది. క్రిస్మస్, కొత్త సంవత్సరం అంటే గోవాకు ఏడాదిలోకెల్లా ఖరీదైన రోజులు. విమానం టికెట్టు, విల్లా, టాక్సీ, క్లబ్బు ఎంట్రీ అన్నీ ఒకేసారి పెరుగుతాయి. చాలా విల్లాలకు అప్పుడు కనీసం ఇన్ని రాత్రులు ఉండాలన్న షరతు కూడా పెడతారు. మాఘం పెళ్లికూతురి ఫ్రెండ్స్‌కి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: బెంగళూరు వెళ్లండి, డిసెంబర్ 31 ఒక్కటి వదిలేసి.

కార్తీకం, మార్గశిరం పెళ్లిళ్లకు అక్టోబర్ మొదట్లో రెండు ఊళ్లూ బాగుంటాయి, దసరా వారాంతం తప్పిస్తే చాలు. వైశాఖం పెళ్లికి మార్చి, ఏప్రిల్‌లలో గోవాలో ఉక్కపోత, అయినా సముద్రం ఆడుకోనిస్తుంది, ధరలూ దిగి ఉంటాయి.

గోవాలో డబ్బు ఎక్కడ కారిపోతుందో తెలుసుకుంటే సగం టెన్షన్ పోతుంది. అది గది దగ్గరా కాదు, తిండి దగ్గరా కాదు, దారిలో. ఓలా, ఉబర్ అక్కడ హైదరాబాద్‌లో లాగా పిలవగానే రావు. గోవామైల్స్ అనే టాక్సీ యాప్ ఉంది గానీ రాత్రి పబ్బు బయట నిలబడి టాక్సీ కోసం చూసే వేళ చెప్పిన ధరే ధర. పైగా ఇప్పుడు విమానాశ్రయాలు రెండు. 2023 జనవరిలో మొదలైన మోపా ఉత్తరాన ఉంది, దబోలిం వాస్కో దగ్గర. ఉత్తర గోవాలో కాండోలిం, అంజునా వైపు బస అయితే ఏదైనా పరవాలేదు. దక్షిణాన ఉన్న పాలోలెంలో గది తీసుకుని మోపాలో దిగితే మాత్రం రాష్ట్రం ఆ చివర నుంచి ఈ చివరకు ప్రయాణం చేసినట్టే. టికెట్టు వెయ్యి తక్కువని మోపా ఎంచుకుంటే ఆ వెయ్యికి రెండింతలు టాక్సీకి పోతుంది. మోపా నుంచి కదంబ బస్సులు పంజిమ్, మడగావ్, కలంగూట్‌లకు నడుస్తాయి. పెట్టెలు తక్కువుంటే హాయిగా వెళ్లొచ్చు.

స్కూటీలు చవకే, పగలు తిరగడానికి సరదాగానూ ఉంటాయి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండే తీసుకోండి, అదే అద్దెకు అనుమతి ఉన్నది. తెల్ల ప్లేటు బండి ఇచ్చారంటే పోలీసులు ఆపినప్పుడు ఇబ్బంది మీకే. రాత్రి పార్టీకి మాత్రం స్కూటీ లెక్కలోకే తీసుకోవద్దు. ఆ ఖర్చు మిగుల్చుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. డ్రైవర్‌తో కారు మాట్లాడుకోండి, రాత్రి ఎన్ని గంటల దాకా ఉంటాడో ముందే అడగండి.

ఇక్కడే మనుషుల లెక్క ఒకటి. ఆరుగురైతే ఒక ఇన్నోవా, మూడు గదులు. ఎనిమిది మందైతే ప్రతిచోటికీ రెండు కార్లు. రెండు కార్లైతే ఖర్చొక్కటే కాదు, ఒక బండి ముందు, ఒకటి వెనక, "ఎక్కడున్నారే?" అని ఫోన్లు. లిస్టు రాసేటప్పుడే ఈ గీత గుర్తుంచుకోండి. ఆరు దాటితే ఇంకో ఇద్దరిని కూడా కలుపుకుని ఎనిమిది చేయడమే నయం, రెండో కారు ఖర్చు కొంచెం పంచుకోవచ్చు.

బెంగళూరులో దారి ఖర్చు తక్కువ, సమయం ఖర్చు ఎక్కువ. దేవనహళ్లి విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చేసరికి హైదరాబాద్ నుంచి ఎగిరొచ్చినంత సేపు పట్టొచ్చు. క్యాబ్‌కు వెయ్యి దాకా అవుతుంది, విమానాశ్రయం నుంచి నడిచే వాయు వజ్ర సిటీ బస్సులైతే అందులో చిన్న భాగం. నేనైతే విమానమే వద్దంటాను. కాచిగూడ నుంచి యశ్వంతపురకు 2023 సెప్టెంబర్ నుంచి వందే భారత్ ఉంది, పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు. సెలవు పెట్టలేనివాళ్లు శుక్రవారం రాత్రి బస్సెక్కితే శనివారం పొద్దున టిఫిన్ టైముకి అక్కడుంటారు.

బస ఇందిరానగర్‌లోనో, ఎంజీ రోడ్డు దగ్గరో తీసుకోండి. రెండు చోట్లా పర్పుల్ లైన్ మెట్రో స్టేషన్లున్నాయి, పబ్బులు, కేఫ్‌లు, చర్చ్ స్ట్రీట్ పుస్తకాల షాపులు, కబ్బన్ పార్కు అన్నీ దగ్గర. వైట్‌ఫీల్డ్‌లో గది చవకగా వచ్చిందని తీసుకుంటే శనివారం సాయంత్రం రోడ్డు మీదే గడుస్తుంది. ఇక్కడ డబ్బు కారేది మందు బిల్లులో. కర్ణాటకలో మద్యం మీద పన్నులు గట్టిగా ఉంటాయి, గోవాతో పోల్చుకుంటే ఒకే సీసాకు ఇచ్చే డబ్బులో తేడా బాగా తెలుస్తుంది. లేడీస్ నైట్ ఆఫర్లున్నాయి కదా అని ధీమాగా వెళ్లకండి, అవి ఎక్కువగా వారం మధ్యలోనే. శనివారం కవర్ ఛార్జీ, అంటే లోపలికి రావడానికి రుసుము, కట్టమంటే, అది తిండికో డ్రింక్స్‌కో సర్దుతారా లేదా అని లోపలికి వెళ్లకముందే అడగండి.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇవి పెళ్లికూతురితో కలిపి ఆరుగురికి, హైదరాబాద్ నుంచి, రెండు రాత్రులకు నేను వేసుకున్న ఉజ్జాయింపు అంకెలు. మీ తేదీలకు మీరు మళ్లీ వేసుకోవాలి. ఆషాఢంలో గోవా అయితే మనిషికి విమానం రానుపోను 8,000, రాత్రికి 12,000 విల్లాలో వాటా రెండు రాత్రులకు 4,000, కారు 2,000, తిండీ తాగుడూ 5,000. మొత్తం 19,000. బెంగళూరు అయితే రైలు 3,200, రాత్రికి 5,000 చొప్పున మూడు గదులు తీసుకుంటే వాటా 5,000, క్యాబ్‌లు 1,500, తిండీ తాగుడూ 7,000. మొత్తం 16,700. రెండింటికీ తేడా రెండు వేల మూడొందలే. విల్లా హాయి కోసం అంత పెట్టొచ్చని నాకనిపిస్తుంది. అదే గోవా డిసెంబర్ చివరికి వస్తే విమానం 14,000, విల్లా వాటా 10,000, కారు 3,000, తిండి 6,000 కలిపి 33,000 అవుతుంది. బెంగళూరు అంకె మాత్రం నూతన సంవత్సరం రాత్రి తప్ప పెద్దగా కదలదు. అందుకే చిన్న జీతం ఉన్న ఫ్రెండ్ ఒక్కరైనా ఉన్న గ్యాంగుకు బెంగళూరు నమ్మకమైనది. చెప్పిన అంకెకు దగ్గర్లోనే ఆగుతుంది.

పెళ్లికూతురి వాటా మిగతావాళ్లు పంచుకోవడం ఆనవాయితీ అయిపోయింది. మంచిదే, అయితే దాన్ని మొదటి అంకెలోనే కలపాలి. 19,000ను ఐదుగురు పంచుకుంటే మనిషికి ఇంకో 3,800, అంటే అసలు ఖర్చు 22,800. బెంగళూరులో అది 20,040. డిసెంబర్ గోవాలో 39,600! సాషులు (భుజం మీదుగా వేసుకునే పట్టీలు), బెలూన్లు, ఒకే రంగు డ్రెస్సులు, ఫొటోగ్రాఫర్ ఇంకా ఇందులో లేవు. ఒక్కసారి వేసుకునే డ్రెస్సు కొనిపించే బదులు "అందరూ ఇంట్లో ఉన్న తెల్ల డ్రెస్సు తెచ్చుకోండి" అంటే ఫొటోలు అంతే అందంగా వస్తాయి.

గదుల పన్ను సంగతి చాలామంది బిల్లు చూశాకే గమనిస్తారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రాత్రికి 7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, ఆ పైన 18 శాతం. 7,500 గది పన్నుతో 7,875 అవుతుంది, 8,000 గది 9,440 అవుతుంది. ఐదు వందల తేడా కాస్తా పదిహేను వందలు దాటుతుంది. కాబట్టి ఇద్దరిద్దరికి ఒక గది చొప్పున 7,500 లోపు తీసుకోవడం తెలివి. విల్లాకైతే పన్ను, క్లీనింగ్ ఛార్జీ, డిపాజిట్ అన్నీ కలిపి చివరికి ఎంత కట్టాలో ఓనర్‌ని రాతపూర్వకంగా అడగండి. రెస్టారెంట్ బిల్లులో సర్వీస్ ఛార్జ్ కనిపిస్తే అది తప్పనిసరి కాదు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022లో ఆ మాట చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగొచ్చు.

బిల్లును తలా ఇంత అని సమానంగా చీల్చడం నాకు న్యాయంగా అనిపించదు. మన గ్యాంగుల్లో మందు ముట్టనివాళ్లు ఉంటారు, శనివారం నాన్‌వెజ్ తిననివాళ్లు ఉంటారు. పన్నీర్ టిక్కా, నిమ్మ సోడా తీసుకున్న అమ్మాయి కాక్‌టెయిల్స్‌కి ఎందుకు కట్టాలి? మద్యానికి జీఎస్టీ ఉండదు, రాష్ట్ర పన్ను వేరు, అందువల్ల బిల్లులోనే తిండి ఒకచోట, మందు ఒకచోట విడిగా ఉంటాయి. తాగినవాళ్లు ఆ భాగం పంచుకుంటే ఎవరికీ నొప్పి ఉండదు. ఖర్చులు పంచుకునే లెక్కల యాప్ స్ప్లిట్‌వైజ్‌లో రోజూ రాత్రి పడుకునే ముందు ఎక్కించేయండి, తిరిగొచ్చాక కూర్చుని గుర్తు తెచ్చుకోవడం అయ్యే పని కాదు.

హైదరాబాద్‌లోనే ఉండిపోతే? మొయినాబాద్, చేవెళ్ల వైపు ఫామ్‌హౌస్ ఒక రాత్రికి తీసుకుంటే అన్నిటికన్నా చవక. ఇంట్లో ఊరు దాటనివ్వని అమ్మాయి కూడా రాగలుగుతుంది, అది చిన్న విషయం కాదు. రాత్రి పది తర్వాత ఆరుబయట స్పీకర్లు పెట్టకూడదన్న నిబంధన మాత్రం చూసుకోండి. అయితే సొంత ఊళ్లో ఉంటే పెళ్లికూతురికి బ్లౌజు కుట్టే ఆవిడ దగ్గర్నుంచి పిన్ని దాకా ఫోన్లు ఆగవు. ఆ అమ్మాయికి రెండు రోజులు ఊపిరి పీల్చుకోవడం కావాలంటే ఊరు దాటించాల్సిందే.

తేదీ ఖాయం చేసేముందు పెళ్లికూతుర్ని చేసే రోజు ఎప్పుడో వాళ్లమ్మగారిని అడగండి. ఆ తర్వాత అమ్మాయిని గడప దాటనివ్వరు. కనీసం మూడు వారాల ముందే ట్రిప్పు అయిపోయేలా చూసుకోండి. అడ్వాన్సు అందరి దగ్గరా ఒకే రోజు తీసుకోండి, ఎవరి డబ్బూ రాకుండా వాళ్ల పేరు మీద టికెట్టు తీయకండి. విమానమైతే ఆరు టికెట్లూ ఒకేసారి వెతికితే కొన్నిసార్లు అన్నీ ఎక్కువ ధరలోనే చూపిస్తుంది, రెండేసి చొప్పున కూడా వెతికి చూడండి. గది మాత్రం కొంచెం ఎక్కువైనా సరే, రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చేదే బుక్ చేయండి, ఎందుకంటే మన ఇళ్లలో పంతులుగారు ఇంకోసారి పంచాంగం చూసి ముహూర్తం జరిపిన సందర్భాలు బోలెడు.