పాత మాస్సీ 1035 డీజిల్ పంపు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

చెన్నై శివార్లలో, రెడ్‌హిల్స్ అవతల మా పాత మాస్సీ ఫెర్గూసన్ 1035 ఇప్పటికీ పనిలోనే ఉంది. వానలకు దమ్ము చేస్తుంది, ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్ లాగుతుంది. మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజిన్, దానికి డీజిల్‌ను ప్రెషర్‌తో నాజిళ్లకు పంపే సీఏవీ కంపెనీ డీపీఏ మోడల్ రోటరీ పంపు. నాజిల్ అంటే ఆ డీజిల్‌ను సిలిండర్‌లోకి చిమ్మేది. ట్రాక్టర్ చేసిన టాఫే, ఇంజిన్ చేసిన సింప్సన్ రెండూ ఈ ఊరి కంపెనీలే కాబట్టి సామాన్లకు తిప్పలు లేవు. పంపు విషయంలో నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఇంత గట్టి పంపును నేను చూడలేదు, అవసరం లేకుండా ఇన్నిసార్లు విప్పించే పంపునూ చూడలేదు.

ఇన్‌లైన్ అనే ఇంకో రకం పంపులో సిలిండర్‌కు ఒక ఎలిమెంట్, అంటే డీజిల్‌ను నొక్కే భాగం, విడిగా ఉంటుంది. డీపీఏలో అలా కాదు. ఒకే జత ప్లంజర్లు (చిన్న పిస్టన్లు) డీజిల్‌ను నొక్కుతాయి, రోటర్ తిరుగుతూ దాన్ని మూడు సిలిండర్లకూ వంతులవారీగా పంచుతుంది. అంటే పంపు అరిగితే దెబ్బ మూడింటికీ తగులుతుంది. ఒక్క సిలిండరే మిస్ అవుతుంటే, అంటే అందులో డీజిల్ సరిగా మండకపోతుంటే, ముందు నాజిల్‌ను చూడాలి. మా బండి ఒకసారి అలాగే మిస్ కొడుతుంటే, ఓ షాపులో పంపు విప్పకుండానే "హెడ్ రోటర్ పోయింది, మార్చాలి" అన్నారు. పంపులో తిరిగే రోటర్, అది ఇమిడే హెడ్ కలిపి ఆ జతనే అలా అంటారు. మేం ఒప్పుకోలేదు. ఇంటికి తెచ్చి, ఇంజిన్ స్లోలో పెట్టి నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే కాస్త వదులు చేశాం. ఒకటోది వదిలితే ఇంజిన్ తడబడింది, మూడోది వదిలినా అంతే. రెండోది వదిలితే శబ్దంలో మార్పే లేదు. ఆ నాజిల్‌ను మూడో సిలిండర్‌కు మారిస్తే మిస్సింగ్ కూడా అక్కడికే వెళ్లింది. కొత్త నాజిల్‌తో సరిపోయింది, పంపు ముట్టుకోలేదు. ఈ పరీక్ష చేసేటప్పుడు చేతులు దూరంగా ఉంచండి, కళ్లద్దాలు పెట్టుకోండి. ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చూడ్డానికి చిన్న గాయంలా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇక గాలి. పంపు మీదకు వచ్చే నిందల్లో ఎక్కువ దీనివల్లే. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (డీజిల్‌ను లాగి పెద్ద పంపుకు అందించే చిన్న పంపు) దాకా ఉన్న పైపు డీజిల్‌ను పీలుస్తుంది కాబట్టి, అక్కడ సందు ఉంటే బండి నడుస్తున్నప్పుడు చుక్క కూడా కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. కాపర్ వాషర్లు తిరిగి వాడకండి, చౌకగా దొరుకుతాయి. గాలి తీయడానికి ముందు ఫిల్టర్ మీది స్క్రూ, తర్వాత పంపు మీద ఉన్న రెండు బ్లీడ్ స్క్రూలు, చివర్లో స్టాప్ నాబ్ లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా ఇచ్చి సెల్ఫ్ కొడుతూ నాజిల్ నట్లు. ఫీడ్ పంపు చేతి లివర్ ఎంత కొట్టినా పట్టు లేకుండా ఆడుతుంటే ఫీడ్ పంపు చెడిందని తీసి పారేయకండి. లోపలి క్యామ్ ఎత్తు మీద ఆగి ఉంటుంది. ఇంజిన్‌ను ఒక చుట్టు తిప్పితే లివర్‌కు పట్టు వస్తుంది. ట్యాంకర్ లాగుతూ కొంత దూరం పోయాక ఆగిపోయి, కాసేపటికి మళ్లీ స్టార్టయితే డీజిల్ ట్యాంకు మూత వదులు చేసి చూడండి. మూతలో గాలి రంధ్రం పూడుకుపోయినా ఇలాగే చేస్తుంది.

మా పంపుకు నిజంగా వచ్చిన జబ్బు ఒక్కటే. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కు అందుకునేది, మధ్యాహ్నం వేడి మీద ఆపితే మళ్లీ అందుకునేది కాదు. తడిగుడ్డ కప్పి పంపు చల్లబడేదాకా ఆగితే స్టార్టయ్యేది. అప్పుడు అర్థమైంది, ఇది హెడ్ రోటర్ అరుగుదలే. వేడికి డీజిల్ పలచబడి అరిగిన సందుల్లోంచి జారిపోతుంది, సెల్ఫ్ తిప్పే వేగానికి నాజిల్ తెరుచుకునేంత ప్రెషర్ రాదు. ఇంజిన్ నడుస్తుండగా మాత్రం వేడి పంపు మీద చన్నీళ్లు పోయకండి, రోటర్ పట్టేస్తుంది. చెన్నై పుదుపేటలో టెస్ట్ బెంచ్ (పంపును విడిగా తిప్పి పరీక్షించే యంత్రం) ఉన్నచోట పని చేయించాం. మూడు గాజు గొట్టాల్లోకి డీజిల్ సమానంగా వస్తోందో లేదో దగ్గరుండి చూశాకే పంపు తెచ్చుకున్నాం. విప్పే ముందు పంపు ఫ్లాంజి మీద, ఇంజిన్ మీద ఎదురెదురు గీతలున్నాయో చూసుకోవాలి, లేకపోతే గీసుకోవాలి. డీజిల్ ఏ క్షణాన కొట్టాలనే టైమింగ్ అక్కడే ఉంది.

ఇంకో టెన్షన్ ఇంజిన్ ఆయిల్ పెరగడం. డిప్‌స్టిక్‌కు డీజిల్ వాసన వస్తే ఆ క్షణమే బండి ఆపండి, పలచబడిన ఆయిల్‌తో బేరింగులు పోతాయి. ఫీడ్ పంపు లోపలి పలచటి పొర, డయాఫ్రమ్, చిరిగి ఉంటుంది, లేదంటే పంపు షాఫ్ట్ సీలు పోయి ఉంటుంది. చౌకైనది డయాఫ్రమ్, ముందు అదే చూడండి.

నాకున్న ఒకే ఫిర్యాదు, ఇది నీళ్లను అసలు సహించదు. దీని లోపలి భాగాలన్నిటికీ డీజిలే ఆయిల్, వేరే ఆధారం లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడి వానల్లో ట్యాంకు లోపల తేమ నీరుగా దిగకుండా సాయంత్రమే నింపేస్తాం, ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు తరచూ వదిలేస్తాం. ఈ శ్రద్ధ పెట్టలేనివాళ్లకు ఇన్‌లైన్ పంపు బండే నయం.

సెకండ్ హ్యాండ్‌లో ఈ మోడల్ కొనేవాళ్లు పొద్దున చల్లటి స్టార్టింగ్ చూసి బేరం ఆడకండి. ట్రాలీ కట్టి ఓ గంట తిప్పించి, ఆపి, పది నిమిషాలాగి మళ్లీ సెల్ఫ్ కొట్టించండి. అప్పుడు అందుకోకపోతే హెడ్ రోటర్ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.