పలాస జీడిపప్పు బిల్లులకు సెలరీ: మంచి సరుకే, డిఫాల్ట్ సెట్టింగులే కొంప ముంచుతాయి

పలాస, కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారులకు జీఎస్టీ బిల్లులు తీసే సాఫ్ట్‌వేర్‌కి నెలంతా పెద్ద పనుండదు. అమ్మకాల వివరాలిచ్చే నెలవారీ రిటర్ను జీఎస్టీఆర్-1కి 11వ తేదీ గడువు కాబట్టి 9, 10 తేదీల్లో పీడీఎఫ్‌లు, మెసేజ్‌లు, రిటర్ను ఫైళ్లు ఒక్కసారే మీద పడతాయి. ఆ రద్దీని రెండు మూడు సర్వర్లకు పంచాలంటే పైథాన్ ప్రోగ్రామర్లు ముందుగా పట్టుకునేది సెలరీని (పనుల్ని వరసలో పెట్టి సర్వర్లకు పంచే సాఫ్ట్‌వేర్), దాని వెనకాల రెడిస్‌ని (ఆ వరసను, అంటే క్యూని, మెమరీలో ఉంచే డేటాబేస్). ఐదుకి నాలుగు మార్కులివ్వొచ్చు. కోసిన ఆ ఒక్కటీ డిఫాల్ట్ సెట్టింగులకే.

అన్నిటికంటే ముందు ప్రీఫెచ్ సంగతి చూడండి, అంటే వర్కర్ (పనులు చేసే ప్రోగ్రాం) జాబ్‌లను ముందే తెచ్చిపెట్టుకోవడం. డిఫాల్ట్ మల్టిప్లయర్ 4, ప్రాసెస్‌కి నాలుగేసి జాబ్‌లు. అంటే నాలుగు ప్రాసెస్‌ల వర్కర్ 16 జాబ్‌లు ముందే తన దగ్గర పెట్టేసుకుంటుంది. వాటిలో బరువైన రిటర్ను ఫైళ్లుంటే చిన్న బిల్లులన్నీ వాటి వెనకే పడుంటాయి, పక్క సర్వరేమో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటుంది. చిత్రమేమిటంటే రెడిస్‌లో క్యూ పొడవు చెప్పే ఎల్‌లెన్ (LLEN) కమాండ్ కొట్టి చూస్తే క్యూ ఖాళీ అంటుంది. అది ఎవరూ తీసుకోని జాబ్‌లనే లెక్కపెడుతుంది మరి. వర్కర్ పట్టుకుని ఇంకా యాక్ (జాబ్‌ని ఇక క్యూలోంచి తీసేయొచ్చనే కబురు) ఇవ్వనివి అన్‌యాక్డ్ (unacked) అనే హ్యాష్‌లో, అంటే రెడిస్‌లోని వేరే పట్టీలో ఉంటాయి, వాటిని హెచ్‌లెన్ (HLEN) కమాండ్‌తో చూడాలి. మల్టిప్లయర్ 1 చేసి, బరువు పనులకు వేరే క్యూ, వేరే వర్కర్లు పెడితే ఈ గొడవ ఉండదు.

డిఫాల్ట్‌గా సెలరీ పని మొదలెట్టే ముందే యాక్ ఇచ్చేస్తుంది. మధ్యలో కరెంటు పోయిందా, ఆ బిల్లు గల్లంతే. యాక్స్ లేట్ (acks_late) సెట్టింగు పెడితే పని ముగిశాకే యాక్ వెళ్తుంది. అక్కడే ఇంకో చిక్కు ఉంది. రెడిస్‌తో విజిబిలిటీ టైమవుట్, అంటే యాక్ కోసం ఆగే గడువు, డిఫాల్ట్‌గా గంట. ఆలోపు యాక్ రాకపోతే, మొదటి వర్కర్ ఇంకా పనిలోనే ఉన్నా సరే, ఆ జాబ్ మరొకరి చేతికి పోతుంది. రెండు గంటలాగి పంపమని కౌంట్‌డౌన్ పెట్టిన మెసేజ్‌లకూ ఇదే గండం, పార్టీకి అదే మెసేజ్ రెండుసార్లు వెళ్తుంది. టైమవుట్ పెంచితే ఇది ఆగుతుంది గానీ, నిజంగా సర్వర్ పడిపోయినప్పుడు జాబ్ తిరిగి రావడానికీ అంతసేపూ పడుతుంది. అందుకని పెద్ద పనిని ముక్కలు చేయడమే మేలు. ఎలాగూ రెండుసార్లు రావచ్చు కాబట్టి డేటాబేస్‌లో బిల్లు నంబరు మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే నంబరు రెండోసారి పడనివ్వని నియమం) తప్పనిసరి.

మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ ప్రాసెస్‌ని చంపేస్తే యాక్స్ లేట్ ఒక్కటే ఆదుకోదు, రిజెక్ట్ ఆన్ వర్కర్ లాస్ట్ (చచ్చిన ప్రాసెస్ చేతిలోని జాబ్‌ని మళ్లీ క్యూలో వేసే సెట్టింగు) కూడా కావాలి. కాకపోతే ఆ మెమరీ తినే ఫైలే మళ్లీ మళ్లీ వచ్చి వర్కర్లను వరసగా కూల్చగలదు, ఓ కన్నేసి ఉంచాలి.

తుఫాన్ల జిల్లా కాబట్టి రెడిస్‌నీ గట్టి చేసుకోవాలి. ఏఓఎఫ్ (AOF, ప్రతి రాతనూ డిస్క్‌లో ఫైలుకెక్కించడం) డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసి ఎవ్రీసెక్‌లో, అంటే సెకనుకోసారి డిస్క్‌కి ఎక్కేలా ఉంచితే, కరెంటు పోయినా పోయేవి సుమారు ఒక సెకను రాతలే. మ్యాక్స్‌మెమరీ పాలసీ నోఎవిక్షన్ (మెమరీ నిండినా ఉన్న డేటా చెరపకూడదని) ఉండాలి, లేదంటే మెమరీ నిండగానే క్యూకే ఎసరు.

టైముకి పనుల్ని క్యూలో వేసే సెలరీ భాగం బీట్‌ని ఒక్క సర్వర్‌లోనే నడపండి. మూడింటిలో నడిపితే ప్రతి షెడ్యూలూ మూడుసార్లు పడుతుంది. టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని పెట్టకపోతే సెలరీ యూటీసీ (గ్రీనిచ్ సమయం) లెక్కన నడిచి, పొద్దున్న 9కి అనుకున్న పని మధ్యాహ్నం 2:30కి మొదలవుతుంది.

ఒకే సర్వర్, రోజుకి కొన్ని వందల బిల్లులు ఉన్న దుకాణమైతే సెలరీ జోలికే పోనక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 9.5 వెర్షన్ నుంచి ఉన్న స్కిప్ లాక్డ్‌తో (వేరొకరు పట్టుకున్న జాబ్‌ని వదిలి తర్వాతది తీసుకునే సౌకర్యం) ఒక టేబుల్‌నే క్యూగా పెట్టుకుంటే సరిపోతుంది.