ఆరేళ్లు మోసిన సంచి: 40 లీటర్ల బ్యాక్‌ప్యాక్‌తో నా అనుభవం

2019 జనవరిలో కోఠిలో కొన్నాను దీన్ని. 40 లీటర్లు పడుతుంది. జిప్పు మూడు వైపులా తిరుగుతుంది కాబట్టి సూట్‌కేసులా పూర్తిగా తెరుచుకుంటుంది. కంపెనీ పేరు రాయను, తిట్టాల్సినవి కూడా ఉన్నాయి మరి. "కాలేజీ పిల్లలా ఈ వయసులో వీపుకి సంచేమిటి?" అన్నారు మా వారు. కరోనా రెండేళ్లు అటక మీదే పడుంది. మిగతా కాలమంతా బెంగళూరులో మా అబ్బాయి దగ్గరికి, తిరుపతికి, ఒకసారి కాశీకి, ఇదొక్కటే తీసుకుని తిరిగాను.

కొనడానికి కారణం విమానం. మన దేశంలో తిరిగే విమానాల్లో చేతి సామానుకి సాధారణంగా 7 కిలోలే ఇస్తారు. ఇంట్లో ఉన్న చక్రాల పెట్టెను ఖాళీగా తూస్తే 2.8 కిలోలు. అంటే మనవి పెట్టుకోవడానికి మిగిలేది 4.2. ఈ సంచి 1.1 కిలోలే. అక్కడే నాలుగు చీరలంత బరువు కలిసొచ్చింది. సంచి కొనేటప్పుడు అరలెన్ని, రంగేంటి అని చూస్తాం గానీ ఖాళీ బరువు ఎంతో ఎవరూ అడగరు. ముందు అడగాల్సింది అదే. ఒక్క జాగ్రత్త: ముందు జేబు కుక్కితే పొట్ట ఉబ్బి, విమానం వాళ్ల 25 సెంటీమీటర్ల లోతు దాటిపోతుంది. రెండుసార్లు కౌంటరు దగ్గర అందరి ముందూ జేబు ఖాళీ చేసి, శాలువా భుజాన వేసుకున్నాను.

అసలు పరీక్ష కాశీలో జరిగింది. కార్తీకంలో తొమ్మిది రాత్రుల నిద్రకని పక్కింటి వాళ్లతో కలిసి వెళ్లాం. రైల్లో థర్డ్ ఏసీకి 40 కిలోల దాకా ఉచితమే, కానీ మోయాల్సింది మన భుజమే కదా. పాండే హవేలీ దగ్గర ఆటో దిగాక సందుల్లో నడవాలి. రాతి పలకలు, మెట్లు, అడ్డంగా ఆవు. పక్కింటావిడ పెట్టె చక్రాలు నాలుగడుగులకోసారి ఇరుక్కుంటుంటే చివరికి ఎత్తుకుని నడిచారు పాపం. నేను ముందే వెళ్లి గది తాళం తీయించాను. ఆ రోజు నుంచి మా వారు సంచి మాట ఎత్తలేదు.

తొమ్మిది రోజులకి తీసుకెళ్లినవి మూడు నూలు చీరలు, ఒంటి మీద ఒకటి. నూలు చీర గంజి పెట్టకపోతే ఉతికిన పూటే ఆరుతుంది. జాకెట్లు రెండే, నల్లది ఒకటి, మెరూన్ ఒకటి. నాలుగు చీరలకీ ఏదో ఒకటి కలుస్తుంది. ప్రతి చీరకీ మ్యాచింగ్ జాకెట్టూ లంగా అనుకుంటే ఏ సంచీ చాలదు. టర్కీ తువ్వాలు తూస్తే 480 గ్రాములు, నేత తుండు 140. తుండు చాలు. పైగా రైల్లో తలకింద పెట్టుకోవచ్చు, ఎండకి తలమీద వేసుకోవచ్చు. కొబ్బరి నూనె ఖాళీ మందు సీసాలో పోసుకున్నాను. చలికి అది గడ్డకట్టింది కాబట్టి కారే బాధ కూడా లేదు. బట్టల క్లిప్పులు మాత్రం మరిచిపోకండి. కాశీలో డాబా మీద ఆరేసిన చీరని కోతి లాక్కెళ్లబోతే కొంగు నా చేతికి చిక్కింది గనక సరిపోయింది.

సర్దే పద్ధతి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. బట్టలు చుట్టలు చుడితే జాగా బోలెడు మిగులుతుందంటారు, నాకు పెద్ద తేడా కనబడలేదు. ప్యాకింగ్ క్యూబులని అమ్మేవాటికి వందలు పోసే బదులు బీరువాలో ఉండే జిప్పు చీర కవర్లు వాడతాను. ఒకటి ఉతికినవాటికి, ఒకటి విడిచినవాటికి.

ఇక తిట్లు. అటక మీది కాలం తీసేస్తే, వాడకంలో మూడో ఏడు జిప్పు వేసిన వెనకే విడిపోవడం మొదలైంది. కోఠిలోనే రోడ్డు పక్కన కూర్చునే జిప్పుల అతనికి చూపించాను. పట్కారుతో రన్నర్‌ని రెండు వైపులా కొద్దిగా నొక్కి, "పళ్లు బానే ఉన్నాయమ్మా, రన్నర్ నోరు తెరుచుకుంది. మోకాలితో తొక్కి వేస్తున్నారా?" అని అడిగాడు. అబద్ధం చెప్పలేకపోయాను. 30 రూపాయలు తీసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే కథ, ఈసారి రన్నరే మార్చాడు. ఇంత సంచికి అంత సన్న జిప్పు వేసిన కంపెనీదే తప్పు, నా మోకాలి వాటా పోగా. రెండోది, లోపల నీళ్లు దిగకుండా వేసిన పూత. రెండు వానాకాలాలు అటక మీద ముడుచుకుని ఉండేసరికి తేమకి జిగటపట్టి, పొరలు పొరలుగా రాలింది. తెల్ల చీర అంచుకి అంటుకుంటే ఎంత ఉతికినా పోలేదు. పక్క జేబులో నీళ్ల సీసా సంచి నిండితే దూరదు.

భుజం పట్టీలు మాత్రం ఇప్పటికీ బాగున్నాయి. అలిపిరి దారిలో సామాను దేవస్థానం వాళ్లు ఉచితంగానే పైకి చేరుస్తారు, అయినా పంతానికి వీపు మీదే వేసుకుని 3,550 మెట్లూ ఎక్కాను. మోకాళ్ల పర్వతం దగ్గర ఆ పంతాన్ని తిట్టుకున్నానే గానీ భుజం ఒరుసుకుపోలేదు.

పెళ్లిళ్లకి ఇది పనికిరాదు. రెండు పట్టుచీరలూ నగల పెట్టే పెడితే సగం అయిపోతుంది. తిరుగు ప్రయాణానికీ అంతే. వెళ్లేటప్పుడు 6 కిలోలున్నది వచ్చేటప్పుడు 9 అవుతుంది. తిరుపతి నుంచైతే లడ్డూలు, పుట్టింటి నుంచైతే కందిపొడి, అరిసెలు, ఆవకాయ. ఆవకాయ సీసాని ఒక విమానాశ్రయంలో సెక్యూరిటీ వాళ్లు తీయించేశారు, అప్పట్నుంచి అది రైలు ప్రయాణాలకే. అందుకే అడుగున ఒక గుడ్డసంచి మడిచి పెట్టుకుంటాను.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే సైజు కొంటాను, కాస్త లావు జిప్పుతో. ప్రస్తుతానికి మాత్రం రాలే పూతని గీకేసి, పాత వాయిలు చీరతో లోపల అస్తరు కుట్టించాను. సంచి బరువు 1.2 కిలోలైంది.